సముద్రానికి దారి ఎటు? బ్రెజిల్ ఐదు ప్రాంతాల లెక్క

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటాను వేలం వేశారు. ఆ పాటను బట్టి లెక్కగడితే మొత్తం ఆవు ఖరీదు 40 లక్షల డాలర్లు దాటింది. ప్రపంచంలోనే ఖరీదైన ఆవుగా గిన్నిస్‌లోకి ఎక్కింది. దాని జాతిని అక్కడ నెలోరి అంటారు, మనం ఒంగోలు అంటాం. 19వ శతాబ్దంలో ఒంగోలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి, ఓడెక్కి వెళ్లిన పశువులకు ఆ జిల్లా పేరే అంటుకుంది.

ఆ వార్త చదివి మనవాళ్లు చాలామంది మురిసిపోయారు. నాకు మాత్రం ఒక సందేహం వచ్చింది. బ్రెజిల్ అనగానే మన కళ్లముందు కనిపించేవి అమెజాన్ అడవి, రియో బీచి, ఫుట్‌బాల్ మైదానం. మరి అక్కడ కోట్లలో ఉన్న ఈ ఒంగోలు పశువులు ఎక్కడ మేస్తున్నాయి? వెతికితే మొదట తగిలే పేరు మాటో గ్రోసో. దేశం నడిమధ్యలో, సముద్రానికి వేయి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రాష్ట్రం. అక్కడ జనం 37 లక్షల లోపే, పశువులు మూడు కోట్ల 40 లక్షలు. అంటే మనిషికి తొమ్మిది చొప్పున. 60 ఏళ్ల కింద అక్కడ ఇంత పశువూ లేదు, ఇంత పంటా లేదు. అది ఎలా మారిందో తెలుసుకోబోతే మిగతా నాలుగు ప్రాంతాల కథా చెప్పుకోక తప్పదు.

బ్రెజిల్ విస్తీర్ణం 85 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశానికి రెండున్నర రెట్లు. జనం 2022 లెక్కల్లో 20 కోట్ల 30 లక్షలు. 26 రాష్ట్రాలనూ రాజధాని జిల్లానూ కలిపి ఐదు ప్రాంతాలుగా లెక్కేస్తారు: ఉత్తరం, ఈశాన్యం, ఆగ్నేయం, దక్షిణం, మధ్య పశ్చిమం. వీటి మధ్య తేడా చూడండి. ఉత్తర ప్రాంతం దేశంలో 45 శాతం నేల, అక్కడుండేది మాత్రం నూటికి తొమ్మిది మంది కూడా కాదు. ఆగ్నేయంలో 42 శాతం జనం ఉన్నారు, దేశ సంపాదనలో సగానికి పైగా వాళ్లదే. ఈశాన్యంలో 27 శాతం జనం, సంపాదనలో వాటా దాదాపు 14 శాతం. చదువు రాని పెద్దవాళ్లు దక్షిణంలో నూటికి 3.4 మంది అయితే ఈశాన్యంలో 14.2 మంది.

పేద ప్రాంతమంటే వానలు పడని చోటు, ధనిక ప్రాంతమంటే వనరులున్న చోటు అని మనకు అలవాటైన లెక్క ఒకటుంది. బ్రెజిల్‌లో అది కుదరదు. వాన దంచికొట్టే అమెజాన్ డబ్బున్న ప్రాంతం కాదు. 2010 మానవాభివృద్ధి సూచీలో రాష్ట్రాలన్నిట్లో అడుగున నిలిచింది ఈశాన్యంలోని అలగోవాస్. దాని తీరమంతా నీళ్లున్న చెరకు నేల. నాకు అర్థమైనంతలో ఏ ప్రాంతం దగ్గరికెళ్లినా రెండు ప్రశ్నలు అడగాలి. అక్కడి సరుకు సముద్రానికి ఏ దారిన పోయింది? భూమి ఎవరి చేతిలో ఉంది?

చెరకు ఒడ్డున, జీడిచెట్టు నీడన

మొదలు పెట్టాల్సింది ఈశాన్యం నుంచే, ఎందుకంటే బ్రెజిల్ మొదలైందీ అక్కడే. 1549 నుంచి 1763 దాకా రాజధాని సాల్వడార్. మన పలాస బతుకుతెరువుకు మూలమైన జీడిమామిడి పుట్టిల్లు కూడా ఈ తీరమే. పోర్చుగీసు వాళ్లు అక్కణ్నుంచి తెచ్చి మన తీరాల్లో నాటారు.

ఈశాన్య తీరంలో చెరకు పండించడానికి భూగోళం అన్నీ అమర్చిపెట్టింది. నల్లమట్టి, నిలకడైన వాన, పక్కనే సముద్రం. గానుగ నుంచి ఓడ దాకా సరుకు మోయడానికి పెద్ద రోడ్డే అక్కర్లేదు. ఇక్కడే చిక్కుంది. దారి అంత సులువైనప్పుడు లోపలి ఊళ్లను కలుపుతూ రోడ్డు వేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, పట్నాలు పెరగలేదు, పరిశ్రమ పుట్టలేదు. చెరకు తోట, గానుగ, ఊరు అన్నీ ఒకే దొర చేతిలో. పని చేసేది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. మొత్తం మీద బ్రెజిల్‌కు దిగిన బానిసలు దాదాపు 48 లక్షలు. అమెరికా ఖండాల్లో మరే దేశానికీ ఇంతమందిని తేలేదు. కూలీ చేతికి డబ్బు రానిచోట అంగడి పుట్టదు. తర్వాత కరీబియన్ దీవుల చక్కెర పోటీకి రాగానే తోటలు కుదేలయ్యాయి. భూమి మాత్రం ఆ దొరల చేతిలోనే ఉండిపోయింది.

1850లో రెండు చట్టాలు రెండు వారాల తేడాతో వచ్చాయి. ఒకటి ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని ఆపింది. రెండోది, ప్రభుత్వ భూమి కావాలంటే కొనుక్కోవాల్సిందే, దున్నుకున్నంత మాత్రాన సొంతం కాదు అంది. రేపు బానిసలకు విముక్తి వచ్చినా భూమి మాత్రం దొరకదు అన్నమాట. 1888లో విముక్తి వచ్చినప్పుడు జరిగింది అదే.

తీరం నుంచి లోపలికి వెళ్తే సెర్టావో. ముళ్ల చెట్లు, తెల్లబారిన కొమ్మలు, కొన్ని నెలలే వాన. అదీ ఒక్కో ఏడు ఎగ్గొడుతుంది. 1877 నుంచి 1879 దాకా వచ్చిన కరువులో లక్షల మంది చనిపోయారు. సియారా రాష్ట్రంలో బతికి బయటపడ్డవాళ్లను ఓడలెక్కించి అమెజాన్ రబ్బరు అడవులకు పంపారు. వలస అక్కడితో ఆగలేదు. 1952లో ఈశాన్యంలోని పెర్నాంబుకో రాష్ట్రం నుంచి ఒక తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని, లారీలో అడ్డచెక్కల మీద కూర్చుని, 13 రోజులు ప్రయాణం చేసి సావో పాలో రాష్ట్రానికి చేరింది. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పటి అధ్యక్షుడు లూలా.

కరువు మీద ప్రభుత్వాలు చాలా ఖర్చు పెట్టాయి. పెద్ద చెరువులు తవ్వించాయి. చాలాచోట్ల అవి పెద్ద భూస్వాముల పొలాల్లోనే తేలాయి. ఇది మనకు కొత్త కథేం కాదు. నిజంగా మార్పు తెచ్చింది చిన్న పని. 2003 నుంచి ఇంటి కప్పు మీద పడే వాననీటిని పట్టుకునే 16 వేల లీటర్ల సంపులు కట్టారు. అవి పది లక్షలు దాటాయి. అదే ఏడాది మొదలైన బోల్సా ఫమీలియా నగదు సాయం ఆడవాళ్ల చేతికి నెలనెలా డబ్బు ఇచ్చింది. 2012 తర్వాత వరసగా ఏళ్ల తరబడి కరువొచ్చినా 1877 నాటి చావులు లేవు. సావో ఫ్రాన్సిస్కో నది నీళ్లను కాలువల్లో మళ్లించే భారీ పథకం 2007లో మొదలై 2017లో తూర్పు కాలువ పారింది. ఆ నది ఒడ్డునే పెట్రోలినా దగ్గర మామిడి, ద్రాక్ష పండించి యూరప్‌కు ఎగుమతి చేస్తున్నారు. ఎండ ఎక్కువ, నీళ్లు చేతిలో ఉంటాయి, కాబట్టి ఏడాదికి రెండు ద్రాక్ష పంటలు. అదే కరువు నేల!

ఇప్పుడు దాన్ని ఆదుకుంటున్నది గాలి. అట్లాంటిక్ మీంచి ఒకే దిక్కున, ఒకే వేగంతో వీచే గాలుల వల్ల దేశంలో పవన విద్యుత్తు పదింట తొమ్మిది వంతులు ఈశాన్యంలోనే పుడుతోంది. కరెంటు వాడేవాళ్లు ఎక్కువగా ఉన్నది ఆగ్నేయాన, రెండు వేల కిలోమీటర్ల దూరంలో. లైన్లు చాలక గాలి ఉన్నా మరలు ఆపమంటున్నారని కంపెనీల గొడవ. సరుకు మారింది, దారి సమస్య మాత్రం అదే.

నది లోపలికి పారే చోట

ఆగ్నేయంలో సావో పాలో నగరం మీదుగా పారే టియేటె నది మ్యాపు చూసి నేను మొదటిసారి తికమకపడ్డాను. అది సముద్రానికి 22 కిలోమీటర్ల దూరంలో పుడుతుంది. పుట్టాక సముద్రం వైపు వెళ్లకుండా ఎదురు దిక్కుకు తిరిగి, వేయి కిలోమీటర్లకు పైగా దేశం లోపలికి పారి పరానా నదిలో కలుస్తుంది. కారణం, తీరం వెంబడి గోడలా నిలబడ్డ సెర్రా దో మార్ కొండలు. ఒడ్డు నుంచి ఒక్కసారిగా 800 మీటర్లు పైకి లేస్తాయి. ఆ గోడ వెనక వైపుకు నేల వాలుగా ఉంటుంది. అందుకే మూడు వందల ఏళ్ల పాటు సావో పాలో ఒక మారుమూల ఊరు. 1872లో దాని జనాభా 31 వేలు.

ఆ గోడ వెనక ఎర్రగా, ఊదాగా మెరిసే సారవంతమైన నేల ఉంది. కాఫీకి ప్రాణం లాంటిది. కాఫీ మూటల్ని కంచరగాడిదల మీద కొండ దింపడం నరకం. 1867లో ఇంగ్లీషు కంపెనీ సాంటోస్ రేవు నుంచి కొండ మీదికి రైలు వేసింది. నిటారు భాగంలో బండ్లను తాళ్లతో లాగేవాళ్లు. అంతే, కథ తిరిగింది. 1900 నాటికి ఊరి జనాభా రెండు లక్షల 40 వేలకు చేరింది.

చెరకుకూ కాఫీకీ తేడా ఇక్కడే. చెరకు దొరకు రైలు అక్కర్లేకపోయింది. కాఫీ దొరకు రైలు కావాలి, రైలుకు మరమ్మతు షెడ్డు కావాలి, పెట్టుబడికి బ్యాంకు కావాలి, బానిసలు పోయాక కూలీలు కావాలి. కూలీల కోసం రాష్ట్రమే ఓడ ఖర్చు పెట్టి ఇటలీ నుంచి రప్పించింది. తోటల్లో వాళ్లను ఎంత కష్టపెట్టారో, 1902లో ఇటలీ ప్రభుత్వమే అలాంటి ఉచిత ప్రయాణాల్ని నిషేధించింది. తర్వాత 1908లో కసాటో మారు అనే ఓడలో జపాన్ వాళ్లు దిగారు. వీళ్లకు కూలీ డబ్బు రూపంలో వచ్చేది, కాబట్టి బట్ట, చెప్పు, సబ్బు, బీరు కొనేవాళ్లు. అవి తయారు చేసే మిల్లులు అక్కడే పుట్టాయి. 1950లలో కార్ల ఫ్యాక్టరీలు వచ్చేసరికి కరెంటూ, పనివాళ్లూ, కొనేవాళ్లూ సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు సావో పాలో ఒక్క రాష్ట్రమే దేశ సంపాదనలో సుమారు 30 శాతం.

కొండ గోడే ఆ ప్రాంతాన్ని కాపాడిందని అనను. అది కాస్త అతి. కానీ ఆ గోడ దాటడానికి పెట్టిన ఖర్చులోంచే పరిశ్రమ పుట్టిందన్నది వాస్తవం. అదే ప్రాంతంలో రియోకు రెండు వందల ఏళ్ల రాజధాని వైభవం, తర్వాత సముద్రగర్భంలో ఉప్పు పొరల కింద దొరికిన చమురు. మినాస్ జెరైస్ రాష్ట్రానికి 1690ల నాటి బంగారం, తర్వాత ఇనుము. అదే మినాస్ ఉత్తర కొసన జెకిటిన్యోన్యా లోయ ఉంది, పేదరికంలో సెర్టావోకు తమ్ముడు. ప్రాంతం సగటు చూసి మోసపోకూడదు.

దక్షిణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చలి ఉంటుంది, కొన్నిచోట్ల మంచూ కురుస్తుంది, చెరకు, కాఫీ దొరలకు పెద్దగా పనికిరాని నేల. 1824 నుంచి జర్మన్లను, తర్వాత ఇటాలియన్లను తెచ్చి చిన్న చిన్న కమతాలిచ్చి కూర్చోబెట్టారు. సొంత పొలం, ఊళ్లో బడి, రైతుల సహకార సంఘం. ఇప్పుడు కోడి, పంది మాంసం ఎగుమతుల్లో ఈ ప్రాంతానిదే పెద్ద చెయ్యి. పరానా నది మీద పరాగ్వేతో కలిసి కట్టిన 14 వేల మెగావాట్ల ఇటైపు డ్యామూ ఇక్కడే. చిన్న కమతాల చిక్కల్లా, పిల్లలు పెరిగేకొద్దీ పంచడానికి భూమి చాలదు. దానికి తోడు 1975 జూలైలో ఒక్క రాత్రి మంచు పడి పరానా రాష్ట్రంలో కాఫీ తోటలు నల్లగా మాడిపోయాయి. రైతులు ఇక్కడి పొలం అమ్మి, ఆ డబ్బుతో అంతకు పదింతల భూమి దొరికే చోటికి బయల్దేరారు.

ఎవరికీ అక్కర్లేని నేల

ఆ చోటు మధ్య పశ్చిమం. అక్కడి సెరాడో అనే గడ్డిమైదానం 20 లక్షల చదరపు కిలోమీటర్లు. వాన బాగానే పడుతుంది, నేల చదునుగా ఉంటుంది, కానీ పంట పండదు. మట్టిలో పులుపు ఎక్కువ, అల్యూమినియం వేళ్లను మాడ్చేస్తుంది, భాస్వరం దాదాపు లేదు. 1960లో రాజధానిని రియో నుంచి తీసి ఈ మైదానం మధ్యలో బ్రసీలియా కట్టినప్పుడు చాలామంది వెర్రి పని అన్నారు. రాజధాని వల్ల వెంటనే వచ్చింది పంటలు కాదు, రోడ్లు.

1973లో ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థను పెట్టారు. వాళ్లు చేసింది మాయ కాదు, ఓపిక. ఎకరాలకెకరాలు సున్నం చల్లి పులుపు తగ్గించారు. భాస్వరం వేశారు. సోయాతో ఇంకో తిప్పలు: అది చలి దేశాల పంట, పగటి పొడవును బట్టి పూస్తుంది. భూమధ్యరేఖ దగ్గర పగళ్లు పొట్టిగా ఉండేసరికి మొక్క మోకాలెత్తు కూడా పెరగకుండానే పూతకొచ్చేది. ఆలస్యంగా పూసే రకాల్ని ఏళ్ల తరబడి ఎంచి తీశారు. నత్రజని ఎరువు కొనే పని లేకుండా, వేళ్లలో బుడిపెలు కట్టే బ్యాక్టీరియాను విత్తనానికి పట్టించారు. ఈ పరిశోధనకు దారి వేసింది జొహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త. సోయా కోసిన వెంటనే అదే పొలంలో మొక్కజొన్న వేస్తారు. 2022–23లో బ్రెజిల్ సోయా దిగుబడి 15 కోట్ల టన్నులు దాటింది. ఎగుమతిలో సుమారు 70 శాతం చైనాకే.

పంట రాని చోట ఆఫ్రికా గడ్డి బ్రకియారియా నాటారు. ఆ గడ్డి మీద, ఆ ఎండలో, ఆ పిడుదుల మధ్య యూరప్ ఆవులు నిలబడలేదు. ఒంగోలు పశువు నిలబడింది. వదులు చర్మం, తెల్లటి వెంట్రుక, నల్లటి చర్మం, ముతక గడ్డినీ అరిగించుకునే కడుపు: గుండ్లకమ్మ ఒడ్డున మనవాళ్లు దుక్కి కోసం తీర్చిదిద్దిన గుణాలే అక్కడ పనికొచ్చాయి. కాకపోతే అక్కడ దుక్కి లేదు, బండి లేదు. మాంసం కోసమే. దేశంలో మాంసపు పశువుల్లో సుమారు 80 శాతం నెలోరి రక్తమేనని లెక్క.

ఇదంతా సముద్రానికి చేరాలి కదా. మాటో గ్రోసో నుంచి సాంటోస్ రేవుకు రెండు వేల కిలోమీటర్లు లారీల్లో. పొలంలో పండించే ఖర్చులో అమెరికా రైతు కంటే మెరుగ్గా ఉన్నా, రేవుకు చేరేసరికి ఆ లాభం డీజిల్‌కు పోయేది. అందుకే కొత్త దారి ఉత్తరానికి తిరిగింది. అమెజాన్ గుండా వెళ్లే బీఆర్-163 రోడ్డును 1970లలో సైనిక ప్రభుత్వం తవ్వించింది. వానాకాలం లారీలు బురదలో రోజుల తరబడి కూరుకుపోయేవి. తపజోస్ నది మీద మిరిటిటూబా రేవు దాకా తారు పూర్తయింది 2020లో. అక్కడ సోయాను బార్జీల్లో ఎక్కించి, నది మీద పెద్ద ఓడల రేవులకు పంపుతారు. రోడ్డు వచ్చినచోట దాని పక్కన అడవి పోయింది. అదే దారిలో రైలు వేస్తామంటే, జాతీయ పార్కులో ముక్క కోయాలి కాబట్టి 2021లో సుప్రీంకోర్టు ఆపింది.

నీళ్లున్నా దారి లేదు

ఉత్తరంలో మనౌస్ నగరం సముద్రానికి 1,500 కిలోమీటర్ల లోపల ఉంది. అయినా సముద్రపు ఓడలు నేరుగా వస్తాయి, నది అంత లోతు. దక్షిణానికి మాత్రం సరైన రోడ్డు లేదు. రబ్బరు జోరు మీదున్న రోజుల్లో, 1896లో, ఆ అడవి మధ్యలో ఒపేరా హాలు కట్టారు. కానీ 1876లోనే హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు రబ్బరు గింజల్ని ఇంగ్లండ్‌కు తరలించాడు. ఆ గింజలతో లేచిన ఆసియా తోటల రబ్బరు చౌకగా దొరికేసరికి, 1912 తర్వాత మనౌస్ చప్పబడిపోయింది. రబ్బరు డబ్బు ఒపేరా హాలుకు పోయింది గానీ ఫ్యాక్టరీకి పోలేదు.

ఫ్యాక్టరీలు 1967లో పన్నుల మినహాయింపు వల్ల వచ్చాయి. టీవీల, బైకుల విడిభాగాలు ఆసియా నుంచి ఓడలో వస్తాయి, అడవి మధ్యలో బిగించి, బార్జీ మీద బెలెం దాకా, అక్కణ్నుంచి లారీలో సావో పాలోకు పంపుతారు. మనం చూస్తే తలాతోకా లేని వ్యవహారం. అయితే జనానికి పనుంది కాబట్టి చుట్టుపక్కల అడవి కొట్టాల్సిన ఒత్తిడి తగ్గిందన్న వాదన ఒకటుంది. ఆ మినహాయింపు 2073 దాకా పొడిగించారు. 2023లో, 2024లో మనౌస్ పక్కన పారే రియో నెగ్రో నది రికార్డుల్లో ఎన్నడూ లేనంతగా ఎండిపోయి పెద్ద ఓడలు రాలేకపోయాయి.

పక్కనే పారా రాష్ట్రంలో కరజాస్ ఇనుప గని. అక్కడ దారి సమస్య పూర్తిగా తీరిపోయింది: 892 కిలోమీటర్ల రైలు, మూడు కిలోమీటర్ల పొడవున్న బండ్లు, నేరుగా సావో లూయిస్ రేవుకు. అయినా పారా పేద రాష్ట్రమే. 1996 చట్టం ప్రకారం ఎగుమతి సరుకు మీద రాష్ట్రం అమ్మకపు పన్ను వేయకూడదు. మట్టి వెళ్లిపోతుంది, పన్ను రాదు. దారి ఒక్కటే చాలదని నేను నమ్మడానికి కరజాసే కారణం.

పన్ను సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇన్నాళ్లూ రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పన్నులో ఒక ముక్క సరుకు తయారైన రాష్ట్రానికే పోయేది. పెర్నాంబుకోలో ఒకావిడ కొన్న ఫ్రిజ్ మీద పన్నులో కొంత సావో పాలో ఖజానాకు చేరేది. ఫ్యాక్టరీల కోసం రాష్ట్రాలు పోటీపడి రాయితీలిచ్చేవి. 2023 డిసెంబరులో రాజ్యాంగాన్ని సవరించి, మన జీఎస్‌టీ లాగా సరుకు వాడే చోటే పన్ను అన్నారు. పూర్తిగా అమలయ్యేది 2033 నాటికి. సావో పాలో దీన్ని గట్టిగా అడ్డుకోలేకపోయిందంటే పార్లమెంటు లెక్కలు కూడా కొంత కారణం: దిగువ సభలో ఏ రాష్ట్రానికైనా ఎనిమిది సీట్లకు తగ్గకూడదు, 70కి మించకూడదు. ఆరు లక్షల 37 వేల మంది ఉన్న రొరైమాకు ఎనిమిది. నాలుగు కోట్ల 44 లక్షల మంది ఉన్న సావో పాలోకు 70. నియోజకవర్గాల పునర్విభజన మీద మన దగ్గర వాదించుకునేవాళ్లకు ఈ అంకెలు పనికొస్తాయి.

ఈ ఐదు ప్రాంతాల్నీ కలిపే దారి ఇంకొకటుంది, అది ఏ రోడ్డు మ్యాపులోనూ ఉండదు. అమెజాన్ చెట్లు వదిలే ఆవిరి గాలిలో పడమటికి వెళ్లి, ఆండీస్ కొండలకు తగిలి దక్షిణానికి మళ్లుతుంది. బ్రెజిల్ శాస్త్రవేత్తలు వీటికి ‘ఎగిరే నదులు’ అని పేరు పెట్టారు. మాటో గ్రోసో సోయా మీద, పరానా డ్యాముల మీద, సావో పాలో తాగునీటి చెరువుల మీద పడే వానలో కొంత వాటా అక్కడి నుంచి వచ్చిందే. అదే మాటో గ్రోసో రైతు ఉత్తరం అంచున అడవి కొట్టి ముందు ఒంగోలు పశువుల్ని తోలతాడు, కొన్నేళ్లకు అక్కడే సోయా వేస్తాడు. ఈ మధ్య వానాకాలం ఆలస్యంగా మొదలవుతోంది, సోయా వెనక వేసే మొక్కజొన్నకు అదును తప్పుతోంది అని ఫిర్యాదు చేస్తున్నదీ అతనే.